తడకు వచ్చిన చిత్తూరు కూలర్

మా నాయన తడలోని మా ఇంటికొచ్చి రెండో రాత్రి ఉన్న పాపాన ఎన్నడూ పోలేదు. సాయంత్రం బస్సు దిగడం, భోంచేయడం, "ఏందమ్మా ఈ ఉక్క" అనడం, తెల్లారగానే చిత్తూరు దారి పట్టడం. నేనూ మా ఆయనా శ్రీ సిటీలో ఉద్యోగాలు చేస్తాం. పెళ్లయ్యాక నాయనతో తీరిగ్గా పోట్లాడే భాగ్యం నాకు లేకుండా పోయింది. ఫోన్లో పోట్లాడదామంటే మధ్యలోనే పెట్టేస్తాడు. అందుకే ఈ వేసవిలో అమ్మ మా అక్క కాన్పుకని వెళ్లగానే, కనీసం పదిరోజులైనా మా దగ్గర ఉండి తీరాలని పట్టుబట్టాను.

ఆయన కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. సాక్ష్యం లేనిదే దేన్నీ నమ్మడు. టీవీలో వాతావరణం చూసి ఫోన్ చేశాడు.

"ఈడ నలభై మూడంట. మీకాడ ముప్పై ఏడేనంట. మీ ఊరే సల్లగుండాది కదమ్మా. తప్పు ఊరిది కాదు, మీ ఫ్యానుది."

నేను ఓపిగ్గా చెప్పాను. బంగాళాఖాతం మీంచి తేమ ఎక్కి వస్తోంది, వారమంతా ఉక్క పెరుగుతుందట, ఫోన్లో ముప్పై ఏడు కిందే 'నలభై ఎనిమిదిలా అనిపిస్తుంది' అని కూడా ఉంది అని.

"అనిపించేది యాడన్నా సాక్ష్యమవుతాదా?" అన్నాడు. "ఇంగ తేమంటావా, కూలర్ చేసేదీ అదే కదా. మీ ఊర్లో దేవుడే సగం కూలర్ ఏసి పెట్టినాడు. మిగతా సగం నేను తెస్తా."

తెచ్చాడు. చిత్తూరులో ఆయన పక్కన పెట్టుకుని పడుకునే ఇనప కూలర్‌ను బస్సెక్కించి, తిరుపతిలో దింపి, మళ్లీ ఇంకో బస్సెక్కించి తెచ్చాడు. దారి పొడుగునా దానిమీద చెయ్యేసి కూర్చున్నాడట, ఎవరైనా ఎత్తుకుపోతారని. రాగానే వట్టివేరు తడిపి, తొట్టి నిండా నీళ్లు పోసి, కిటికీలన్నీ మూయించి, స్విచ్ వేశాడు. చిత్తూరు ఎండుగాలిలో అది నిజంగానే మంచి కూలర్. మా ఇంట్లో మాత్రం ఇడ్లీపాత్ర మూత తీసినట్టయింది.

మర్నాటికి ఉప్పు నీళ్లయింది. అప్పడాలు చపాతీలయ్యాయి. అగ్గిపుల్ల గీస్తే నల్లగా మరక పడిందే కానీ వెలగలేదు. బాత్రూం తలుపు ఉబ్బి బిగుసుకుపోయి, మా ఆయన లోపల ఇరుక్కుని డ్యూటీ బస్సు అందుకోలేకపోయాడు. నేను బయటినుంచి తన్నుతూంటే నాయన పక్కన నిలబడి, "మంచి కొయ్య కాదమ్మా ఇది" అని తలుపును తప్పుపట్టాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. కానీ కూలర్ పనిచేయడం లేదని తేలిన మరుక్షణం ఆయన సంచి సర్దుతాడని నాకు తెలుసు. అందుకని కోపం దిగమింగుకుని, "అబ్బ, ఎంత చలిగా ఉంది నాయనా" అన్నాను. ఆయన సంతోషంగా నాకో దుప్పటి కప్పాడు. కాసేపటికి తనూ శాలువా కప్పుకుని, "అవునమ్మా, సలిగానే ఉండాది" అన్నాడు. మా ఆయన నావైపు ఓ చూపు చూసి, లోపలికెళ్లి, తిరుమలకు కొన్న కోతిటోపీ పెట్టుకొచ్చాడు. నేను చేసుకున్నవాడు మంచివాడని ఆ రోజు నిజంగా అనిపించింది.

అలా మే నెల ఎండల్లో మేం ముగ్గురం దుప్పట్లో, శాలువాలో, కోతిటోపీలో కొన్నాళ్లు కాపురం చేశాం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అదే వేషాలతో కూలర్ ముందు కూర్చునుండగా కరెంటు పోయింది.

"హమ్మయ్య" అన్నాం, ముగ్గురం ఒక్కసారే.

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. నాయన శాలువా తీశాడు. పిండితే చెంబెడు నీళ్లొచ్చేలా ఉంది. దాన్ని మడత పెట్టి సంచి దగ్గరికి నడిచాడు.

"నాయనా, కూలర్ పనిచేయకపోతే పోనీ, నువ్వుండు" అన్నాను. ఏడుపు గొంతు దాచుకోలేదు.

"అది పనిచేయదని వచ్చిన దినమే తెలిసిందమ్మా. ఉక్క నాకు లెక్కా? కోర్టులో ఫ్యాను లేని గదిలో ఇన్నేండ్లు రాసినాను." గొంతు తగ్గించి, "ఇంట్లో అయితే సొక్కా ఇప్పి కూసుంటా. అల్లుడి ముందర ఎట్ల ఇప్పేది? మర్యాదేనా? అందుకే తెల్లారేసరికి బస్సెక్కేస్తా ఉంటి. కూలర్ ఉంటే సొక్కాతోనే ఉండొచ్చులే అనుకున్యా" అన్నాడు.

ఇన్నేళ్లూ నేను బంగాళాఖాతాన్ని తిట్టుకున్నాను.

మా ఆయన కోతిటోపీ తీసి పక్కన పెట్టాడు.

"మామా, నేనూ మీ ముందర బాగుండదనే సొక్కా ఏసుకొని ఉండాను. మీరు తీస్తే నేనూ తీస్తా."

ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత తలలు వంచుకుని, బుద్ధిగా, గుండీలు విప్పుకోవడం మొదలుపెట్టారు. నేను లేచి కిటికీలన్నీ తెరిచాను. నాయన పదిరోజులు కాదు, అమ్మ తిరిగొచ్చేదాకా మా ఇంట్లోనే ఉన్నాడు. రోజూ పోట్లాడుకున్నాం.