రెండో వేలు

మెల్బోర్న్ శివార్లలోని ఫెర్న్‌వేల్ ఫుట్‌బాల్ క్లబ్బుకి వందేళ్లు నిండుతున్నాయని, దాని చరిత్ర రాసే పని లిండ్సే పాస్కోకి అప్పజెప్పారు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. శనివారం పొద్దున్నే వచ్చి, కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని, పాత ఫోటోల్లోని ఆటగాళ్ల పేర్లు తడుముకోకుండా రాసుకుంటాడు. క్యాంటీన్ దగ్గర మాత్రం ఎన్ని టీలని అడిగితే నోటితోనే చెప్తాడు. అతను రెండు వేళ్లు చూపించగా ఎవరూ చూడలేదు. చరిత్ర 1971 దగ్గర ఆగి మూడు నెలలైంది. ఆ ఏడు ఫైనల్లో క్లబ్బు మూడు పాయింట్లు వెనకబడి ఉండగా, చివరి నిమిషంలో డెస్ హాలొరన్ తన్నిన బంతి గోలు స్తంభాన్ని రాసుకుంటూ పోయింది. అక్కడి ఫుట్‌బాల్లో బంతి స్తంభాల మధ్యగా నేరుగా పోతే గోలు, ఆరు పాయింట్లు, అంపైరు రెండు వేళ్లు చూపుతాడు; స్తంభానికి తగిలితే ఒక్క పాయింటే, ఒక వేలు చూపాలి. క్లబ్బు తరఫున స్తంభం పక్కనే అంపైరుగా నిలబడిన లిండ్సే రెండు వేళ్లు చూపాడు. ఆరు పాయింట్లొచ్చాయి. క్లబ్బుకున్న ఒకే ఒక్క కప్పు అదే.

ఇవాళ డెస్ చేతికర్ర ఊనుకుంటూ వచ్చి పక్కన కూలబడ్డాడు.

"ఏరా, నా గోలు రాశావా? బాగా రాయి, మనవలు చదువుతారు."

లిండ్సే కలం కింద పెట్టాడు. "అది స్తంభానికి తగిలిందిరా డెస్. చప్పుడు విన్నాను."

డెస్ చేతికర్రని ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాడు. "నేనూ విన్నాను. నువ్వు వినలేదేమో అనుకుని, చెప్తే కుమిలిపోతావని ఇన్నేళ్లూ నోరు మూసుకున్నా. ఇప్పుడేం రాస్తావు?"

లిండ్సే చెయ్యెత్తి ఒక వేలు చూపాడు. డెస్ ఆ వేలిని తన గుప్పిట్లో మూసి కిందికి దించాడు.

"వద్దురా. మనవలు చదువుతారు."