గ్లాసు అడుగుదాకా

మొన్న అమీన్‌పూర్‌ల మా అపార్ట్‌మెంట్ ట్యాంకు కడిగినంక నల్లా తిప్పితే మందు వాసనొచ్చింది. దాంతోటి పటాన్‌చెరుల మా పాత ఇల్లు యాదికొచ్చింది.

అప్పుడు నాకు ఏడేండ్లుంటయేమో. ఎలక్షన్ల నిలవడ్డ చిన్నపటేలు ఓట్లడగనీకి మా వాకిట్లకొచ్చిండు. వాళ్ల నాయన ఎమ్మెల్యేగున్నప్పుడే మా దిక్కు ఫ్యాక్టరీలొచ్చినయ్, మా బోరునీళ్లు మందు వాసనొచ్చి కరాబైనయ్. అందుకే పెద్దోళ్లెవరొచ్చినా మా ఇంట్ల నీళ్లియ్యకపోదురు, కూల్‌డ్రింక్ తెప్పిద్దురు. మా నాయన దుకాణానికి ఉరికిండు. పాపం, పటేలు ఎండలొచ్చిండు, దూపైతుందేమోనని నేను బోరునీళ్లే తెచ్చిచ్చిన.

"అయ్యో పటేలా, అవి తాగకుండ్రి!" అని అమ్మ గ్లాసు గుంజుకోబోయింది.

"మీరు తాగుతలేరా అమ్మా?" అని ఆయన గ్లాసు అడుగుదాకా తాగిండు. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. అంత దూపైందనుకొని, "ఇంకో గ్లాసు తేవాల్నా పటేలా?" అన్న.

"వద్దు బిడ్డా. ఇగ నువ్వు గూడ తాగకు."

గెలిచినంక మా గల్లీకి మంచినీళ్ల పైపు ఏయించిండు. తర్వాత ఓడిండు, ఇప్పుడు ఆయన పేరెవ్వరెత్తరు. వాళ్ల నాయన తెచ్చిపెట్టిన కరాబు నీళ్లనే ఆయన తాగిండని నాకు పెద్దగైనంక సమజైంది.

ఎంత పెద్దోళ్లొచ్చినా, మా అమ్మ ఇప్పుడు ముందుగాల మంచినీళ్ల గ్లాసే చేతికిస్తది.