పదకొండో నియమం

కరీంనగర్‌లో పాత రాతప్రతులు దాచే మా గదికి రెండు తాళాలు. రెండూ నా దగ్గరే ఉంటాయి. ఉదయం తీసేదాన్ని నేనే, సాయంత్రం వేసేదాన్ని నేనే. మధ్యలో ఎవరైనా లోపలికి తొంగిచూశారంటే కరెంటు మీటరు చూసే మనిషైనా అయి ఉండాలి, దారి తప్పి వచ్చినవాళ్ళయినా అయి ఉండాలి. "పింఛన్ల ఆఫీసు గిదేనా మేడం?" అని అడిగేవారు. కాదని చెప్పడానికి కూడా మనసొప్పేది కాదు. కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చి, కాగితం మీద దారి గీసి మరీ చెప్పేదాన్ని. మనిషి మాటకు అంత మొహం వాచి ఉండేదాన్ని.

నాకు తోడుగా ఉన్న మా అవ్వ పోయాక ఇంట్లోనూ అదే వరస. సాయంత్రం తలుపు తీస్తే పొద్దున నేను వదిలిన గ్లాసు వదిలినచోటే ఉండేది. ఒక్కోసారి దాన్ని చూస్తే ఒళ్ళు మండేది. ఎవరి మీదో చెప్పలేను. గ్లాసు మీద కోపం తెచ్చుకునే మనిషిని ఏమంటారో అదే నేను.

పని మాత్రం ఇష్టంగా చేసేదాన్ని. మా పెద్దాఫీసు హైదరాబాద్‌లో. అక్కడినుంచి ఒక అచ్చు ఫారం వచ్చేది. గ్రంథం పేరు, కర్త, భాష, లిపి, కాలం అని గడులు. ఫారం రాసిన మహానుభావుడు మా జిల్లాల కాగితాలు ఎన్నడూ చూసి ఉండడు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒక పెట్టెలో ఒకే కాగితం మీద పైన ఉర్దూ, నడుమ తెలుగు, కింద మరాఠీవాళ్ళ పాత మోడీ రాత ఉన్నాయి. భాష అన్న గడి నా బొటనవేలంత. అందులో ఏం రాయను? కర్త ఎవరు? రాయించినవాడా, రాసినవాడా, కింద ముద్ర కొట్టినవాడా? ఫోన్ చేసి అడిగితే అటువైపు అధికారి కాసేపు విని, "మీ ప్రాంతానికి సరిపోయే నియమాలు మీరే రాసి పంపండి" అన్నాడు.

వదిలించుకోవడానికే అన్నాడు. నాకు మాత్రం పట్టాభిషేకం చేసినట్టనిపించింది. కొత్త నోటుబుక్కు కొని మొదటి నియమం నుంచి మొదలుపెట్టాను. నేనే రాసి, నేనే గట్టిగా చదివి, బాగుందని నేనే అనుకున్నాను. మూడు లిపుల కాగితాన్ని ఎలా వర్ణించాలి, ఊరి పేరు అప్పటిది రాయాలా ఇప్పటిది రాయాలా, చెదలు తిన్న భాగాన్ని ఎలా గుర్తుపెట్టాలి, అన్నీ రాశాను. పదకొండో నియమం ఇది: "కట్టలలో దొరికే గుండుసూదులు, దారాలు, ఈకలు, ఎండిన పూలు మొదలైన పరాయి వస్తువులను తొలగించి శుభ్రపరచాలి." పన్నెండోది: "శుభ్రపరిచిన తరువాతనే ఫొటో తీయాలి." తుప్పు పట్టిన సూది కాగితాన్ని ఎలా తింటుందో కళ్ళారా చూసినదాన్ని. ఆ రెండు నియమాలూ నాకు చాలా తెలివైనవిగా కనిపించాయి.

ఆ రోజుల్లోనే ధర్మపురి అవతల గోదావరి ఒడ్డు పల్లెనుంచి ఒక ముసలాయన వచ్చాడు. ఎనభై దాటి ఉంటాయి. ఒక కులంవాళ్ళ ఇళ్ళకు ఊరూరా తిరిగి వాళ్ళ వంశకథ చెప్పే ఇల్లు వాళ్ళది. తాత చేతిరాత పుస్తకం ఒకటి ఎర్రగుడ్డలో చుట్టుకొని తెచ్చాడు. కొడుకు దుబాయ్‌లో ఉన్నాడనీ, ఇంటి కప్పు కురుస్తోందనీ, పుస్తకం ఆగమవుతుందనీ చెప్పాడు.

"నీ దగ్గర పెట్టుకో బిడ్డా. ఎవలింట్ల దినాలకన్న పిలుపొస్తే నేనచ్చి ఒకసారి చూసుకొని పోత. అంతే."

"నీ పుస్తకమే తాతా. ఎప్పుడైనా వచ్చి చూస్కో" అన్నాను. రసీదు ఇచ్చి, ఫారం మీద సంతకం పెట్టమన్నాను. ఇంకు అడిగి వేలిముద్ర వేశాడు. ఆ వేలిముద్ర చూసి కూడా నాకేమీ తట్టలేదు.

పుస్తకం నిండా దారాలు. పేజీల అంచున చిన్న చిన్న రంధ్రాలు చేసి ముడులు వేశారు. ఎర్రవి, పసుపువి, నీలం రంగు మిల్లు దారాలు, నేతపోగులు, ఒకటి రెండు బస్తా కుట్టే నైలాన్ పోగులు కూడా. ఒకదానికి ఒక ముడి, ఇంకోదానికి మూడు. చిన్న కత్తెర తీసుకుని ఒక మధ్యాహ్నమంతా కూర్చుని అన్నీ కత్తిరించాను. హాయిగా చేశాను ఆ పని, దాచుకోవడమెందుకు? పేజీలు సాపుగా పడుకున్నాయి. దారాలన్నీ చెత్తబుట్టలో పడేసి ఫొటోలు తీశాను. లిపి అన్న గడిలో "గొలుసుకట్టు తెలుగు" అని రాశాను. అక్షరాలన్నీ ఒకదానికొకటి తగిలించిన ఆ రాతలో నాకు అక్కడో మాట ఇక్కడో మాట తప్ప అందలేదు.

రెండు నెలలకు ముసలాయన మళ్ళీ వచ్చాడు. వేములవాడ దగ్గర ఒక ఊళ్ళో ఇంటిపెద్ద చనిపోయాడట. దినాలకు వంశం చెప్పాలి. పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టాను. ఆయన చదవలేదు. అంచు వెంబడి వేలితో తడుముకుంటూ పోయాడు. ఒకసారి, రెండోసారి. తిప్పి వెనక వైపు తడిమాడు.

"దారాలు కానొస్తలేవు బిడ్డా."

"ఏం దారాలు తాతా?" అన్నాను.

అప్పుడు చెప్పాడు. ఆయనకు చదువు రాదు. వాళ్ళ బాపు చదివితే విని నేర్చుకున్నాడు. కథలన్నీ నోటికి వచ్చు. కానీ ఏ కథ ఏ ఇంటిదో, వంశంలో ఏ కొమ్మ ఏ ఊరికి పోయిందో దారాన్ని బట్టే తెలిసేది. వంశం చెప్పించుకున్న ప్రతి ఇల్లూ తమ బట్టలోంచి ఒక పోగు తీసి ఇస్తుంది. దాన్ని వాళ్ళ పేరున్న పేజీకి కడతారు. ముడులు ఊరిని చెబుతాయి. వేలు దారం మీద పడితే నోట్లో కథ మొదలవుతుంది.

"ఎవలన్న తీసిండ్రా?" అని అడిగాడు.

అడిగిన తీరులో కోపం లేదు. కోపం ఉంటే నిజం చెప్పేదాన్నేమో. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "వచ్చినప్పుడే లేకుండె తాతా."

ఆయన నా మొహంలోకి చూశాడు. నమ్మాడు. చదువుకున్నదాన్ని, కళ్ళజోడు పెట్టుకున్నదాన్ని, నమ్మక ఏం చేస్తాడు?

"గట్లనా? అయితే నేనే తీసి ఏడనో పెట్టిన్నేమో. యాదికి వస్తలేదు. మతి సక్కగ ఉంటలేనట్టున్నది." పుస్తకాన్ని తనే గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

నేను చెత్తబుట్ట దగ్గరికి పరుగెత్తాను. రెండు నెలల కిందటి చెత్త ఎక్కడుంటుంది, నా పిచ్చి కాకపోతే! ఫొటోలు తెరిచి చూశాను. శుభ్రపరిచిన తరువాతనే తీసిన ఫొటోలు. పేజీల అంచున సూదిమొనంత రంధ్రాలు మాత్రం కనిపించాయి. ఏ రంధ్రంలో ఏ రంగు ఉండిందో దేవుడికే ఎరుక.

దినాలు అయిపోయి ఉంటాయనుకున్నాక ఫారం మీది నంబరుకు ఫోన్ చేశాను. ఆయన కోడలు ఎత్తింది.

"మామ పోనేలేదు మేడం. నాతోటి కాదని కబురు పంపిండు. దారాల కోసం ఇల్లంత దేవులాడిండు. సందుగ బోర్లిచ్చిండు, అటుకెక్కిండు. గిప్పుడు మందుగోళి ఏసుకున్న గంటకు మళ్ల నన్నడుగుతుండు, ఏసుకున్ననా లేదా అని. ఏసుకున్న సంగతి ఆయనకు ఎరుకే, గని నమ్ముతలేడు. మా ఆయన ఫోన్‌ల పెద్దాసుపత్రికి తీసుకపొమ్మంటుండు."

"జాగ్రత్తగా చూసుకోమ్మా" అని పెట్టేశాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

దిద్దుబాటు అంటే నాకు తెలిసింది ఒక్కటే. నోటుబుక్కు తీసి పదకొండో నియమం, దానితోపాటు పన్నెండోదీ కొట్టేశాను. "కట్టలో ఉన్న దేనినీ, ఇచ్చినవారిని అడిగి తెలుసుకోకుండా తీయరాదు. ఉన్నది ఉన్నట్టుగా ముందు ఫొటో తీయాలి" అని పదకొండోది కొత్తగా రాశాను. దారాల సంగతి ఉదాహరణగా చేర్చాను. ఎవరు తీశారో రాయలేదు. మొత్తం శుభ్రంగా టైపు చేసి హైదరాబాద్ పంపితే వారంలోపే ఫోన్ వచ్చింది. "పదకొండో నియమం చాలా బాగుంది మేడం, అనుభవంతో రాశారు, మిగతా జిల్లాలకూ పంపిస్తున్నాం" అన్నాడు అధికారి. ఎన్నో ఏళ్ళకు ఒక మెచ్చుకోలు వచ్చింది. ఎవరితో చెప్పుకోను? చెప్పుకుంటే మొత్తం చెప్పాలి కదా. ఫోన్ పెట్టేసి ఆ రెండు తాళాలూ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అక్కడ ఒక ముసలాయన తన మతి పోయిందని బెంగపెట్టుకుని ఉంటే, ఇక్కడ నేను నాలుగు జిల్లాలకు నీతులు పంపిస్తున్నాను. నామీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు సెలవు చీటీ రాసి, దాన్ని అందుకునేవాళ్ళు ఎవరూ లేక నా బల్లమీదే పెట్టి, జగిత్యాల మీదుగా ధర్మపురి బస్సు ఎక్కాను. దారి పొడుగునా ఒకే వాక్యం మనసులో తిప్పుకున్నాను. ధర్మపురిలో దిగి ఆటో మాట్లాడుకుని వాళ్ళ ఊరు చేరేసరికి ఆ వాక్యం కాస్తా ఎగిరిపోయింది.

ముసలాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. సగం చిక్కిపోయాడు. నన్ను గుర్తుపట్టి, గుర్తుపట్టింది సరో కాదో అని కోడలి వైపు చూశాడు. ఆ చూపు చాలు నాకు.

"పుస్తకం మంచిగున్నదా బిడ్డా?"

"తాతా, దారాలు నేనే తీసిన. కత్తెరతోటి తీసి పారేసిన. నువ్వు అడిగిననాడు అబద్ధం చెప్పిన."

వినబడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పబోయాను.

"నేను తెచ్చిననాడు ఉండెనా?"

"ఉండె. అన్నీ ఉండె."

"నేను సక్కగనే ఇచ్చిన్నా?"

"సక్కగనే ఇచ్చినవ్ తాతా."

మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడి కోడలి వైపు తిరిగాడు. "ఓ బిడ్డా, ఇన్నవా? దారాలు ఉండెనట! నేను సక్కగనే ఇచ్చినట! నా మతి ఏడికి పోలే. గా దుబాయ్ పోరనికి ఫోన్ చెయ్యి, ఆసుపత్రి లేదు ఏం లేదని చెప్పు!" కళ్ళలో నీళ్ళు, మొహం నిండా నవ్వు. తిడతాడనుకుని సిద్ధపడి వచ్చినదాన్ని. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

తిట్టింది కోడలు. "నీకు జరంత పాపమనిపియ్యలేదా అక్కా? నిన్న గాక మొన్న ఫోన్‌ల నాతోటే మాట్లాడితివి. గప్పుడన్న చెప్పొద్దా?" అంది. చెప్పాల్సింది.

ముసలాయన సంతోషం ఎంతోసేపు నిలవలేదు. కూర్చున్నాడు. "గా ఇంటాయన దినాలు అయిపాయె. వంశం చెప్పకుండనే సాగనంపిరి" అన్నాడు. దానికి ఏ నియమం రాసినా పనికిరాదు. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

తరువాత అడిగాడు. "ఆడ ఎంతమంది పనిచేస్తరు బిడ్డా?"

"నేనొక్కదాన్నే తాతా."

"ఒక్కదానివేనా? దినమంత?"

"దినమంత."

"మరి నువ్వు తెంపుతుంటె, ఎందుకు తెంపుతున్నవే అని అడిగెటోళ్లు గూడ లేకపాయిరా?"

లేరన్నాను. అనగానే ఏడుపు తన్నుకొచ్చింది. ఎదుటి మనిషికి అంత నష్టం చేసి, ఆయన ముందే కూర్చుని నా బతుకు గురించి ఏడ్చాను. సిగ్గుగా ఉంది రాయడానికి, కానీ జరిగింది అదే.

ఆయన కోడలితో అన్నం పెట్టమన్నాడు. నాకు ఆకలి లేదంటే వినలేదు.

"తిను బిడ్డా. నేను తిట్టుడెందుకు? తిట్టినా తిట్టకున్నా, మళ్ల గా గదిలకే గద నువ్వు ఒక్కదానివి పోయేది."

"అవును తాతా, ఐదింటి బస్సుకు పోవాలె" అన్నాను.