బొట్టు పెట్టిన ప్రాసెసర్

2013 వేసవి. రాజాంలో నేను కంప్యూటర్ రిపేరు షాపు పెట్టి అప్పటికి ఆరేళ్లు. పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే సింహాచలం ఓ గురువారం తన పాత డెస్క్‌టాప్ మోసుకుని వచ్చాడు.

"బావా, దీన్ని ఏటన్నా సెయ్యి. నా పరువు పోయేలాగున్నాది."

భావనపాడులో ఒక జవానుకి పెళ్లయితే సింహాచలం వీడియో తీశాడట. సెలవు అయిపోయి పెళ్లికొడుకు సోమవారం సాయంత్రం రైలెక్కుతున్నాడు. వెళ్లే చోట ఫోను కూడా సరిగా కలవదు. వీడియో డిస్కు వెంట పట్టుకెళ్లేలా చేస్తానని సింహాచలం మాటిచ్చేశాడు. మిగిలింది రెండరింగ్. అంటే కత్తిరించి అతికించిన ముక్కలన్నిటినీ కంప్యూటర్ ఒకే వీడియోగా తయారుచేయడం. అతని డ్యూయల్ కోర్ ప్రాసెసర్‌కి అది పదకొండు గంటల పని. ఆ రోజుల్లో మాకు ఆరేడు గంటలు ఏకబిగిన కరెంటు ఉంటే గొప్ప. రెండుసార్లు సగంలో ఆగి మళ్లీ మొదటికొచ్చింది.

"నీ బోర్డు దీనికి రెట్టింపు జోరున్న క్వాడ్ కోర్‌ని కూడా తీసుకుంటాది. విశాఖలో సెకండ్ హ్యాండ్‌ది దొరుకుతాది, తెచ్చుకో. సగం టైములో అయిపోతాది" అన్నాను.

శనివారం తెచ్చాడు. డబ్బా తీస్తే, ప్రాసెసర్ పైనున్న లోహపు మూత మీద నిండుగా కుంకుమ బొట్టు.

"ఇదేటి?"

"మా పార్వతి దేవుడి దగ్గరెట్టి పూజ సేసింది. కొత్త సామాను కదా!"

నవ్వుకుంటూ బొట్టు తుడిచాను. ప్రాసెసర్‌ను సాకెట్‌లో కూర్చోబెట్టి, వేడిని పైకి లాగే థర్మల్ పేస్ట్ రాసి, ఫ్యాన్ బిగించాను. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగింది గాని తెర మీద ఏమీ రాలేదు. బయోస్, అంటే బోర్డు తొలి ప్రోగ్రాము, ముందే అప్‌డేట్ చేసి ఉంచాను. పాత ప్రాసెసర్ పెడితే శుభ్రంగా పనిచేస్తోంది. కొత్తదాన్ని తిప్పి చూశాను. కింద బంగారు రంగు చుక్కలు, ఎక్కడా చిన్న గీత లేదు.

"ఇది పోయింది. నిన్ను ఎవడో ముంచీసినాడు" అనేశాను. కోపమొస్తే నా నోరు ఆగదు. ఆ అమ్మినవాణ్ని తిట్టడం కూడా మొదలుపెట్టాను.

సింహాచలం మొహం వాడిపోయింది. భార్యకు ఫోన్ చేసి సంగతి చెప్పి, ఫోను నా చేతికిచ్చాడు.

"అన్నియ్యా, నాను సేసిన పూజ వల్ల ఏటన్నా అయ్యిందేటి?"

"లేదమ్మా. బొట్టు పైనే కదా పెట్టినావు, తుడిచీసినాను."

"బొట్టు పైనే. పసుపు రెండేపులా రాసినాను."

"పసుపా?"

"పసుపు రాయకండా బొట్టెలాగెడతారు అన్నియ్యా!"

మాది బాప్టిస్టు కుటుంబం. ఇరుగుపొరుగు గడపలన్నీ చూస్తూనే పెరిగాను గాని, బొట్టు కంటే ముందు పసుపు ఉంటుందన్న సంగతి ఆ వేళ తట్టలేదు. లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూశాను. బంగారు చుక్కల మీద పల్చటి పసుపు పొర! రంగులో రంగు కలిసిపోయి నన్ను భలే బురిడీ కొట్టించింది. ఆ పొర వల్లే కరెంటు అందడం లేదు.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే ద్రవం ఇట్టే ఆరిపోతుంది. దానితో చుక్కలన్నీ తుడిచాను. సాకెట్‌లోని సన్నటి పిన్నులను ఊపిరి బిగపట్టి మెత్తటి బ్రష్‌తో దులిపాను. మళ్లీ స్విచ్ వేశాను. బీప్ మంది.

"వచ్చీసింది బావా!" అని సింహాచలం నా భుజం విరిగేలా చరిచాడు. నాకైతే సిగ్గూ సంతోషమూ కలిసి వచ్చాయి. ఇంకో ఐదు నిమిషాలైతే బతికున్నదాన్ని చెత్తబుట్టలో వేసేవాణ్ని.

ఆదివారం పొద్దున మొదలుపెట్టిన రెండరింగ్, మధ్యాహ్నం కరెంటు పోవడానికి పది నిమిషాల ముందు పూర్తయింది. సోమవారం సాయంత్రం ఫోన్ వచ్చింది. "ఇచ్చీసినాను బావా. ఆడు బట్టల మధ్యన ఎట్టుకుని పట్టికెళ్లినాడు."

అప్పటినుంచి ఏ భాగాన్నైనా పోయిందని చెప్పే ముందు, ఇంట్లో దానికి ఏం చేశారో ఇంట్లోవాళ్లనే అడుగుతున్నాను. బాగుచేసిన ప్రతి కంప్యూటర్ క్యాబినెట్ మీదా ఒక గుండ్రటి తెల్ల స్టిక్కర్ కూడా అంటించడం మొదలుపెట్టాను. బొట్టు అక్కడే పెట్టమని చెప్పడానికి. అది చూసి పార్వతి, "మరి పసుపో?" అంది.

ఇప్పుడు పసుపు రంగు స్టిక్కర్లే కొంటున్నాను.