బావ కూర్చునే పక్క

ఓడల గురించి రాసిన పాత పుస్తకాల్లో నాకు నచ్చేది యుద్ధాలూ తుఫానులూ కాదు, రాళ్ళ సంగతి. సరుకు లేకుండా బయల్దేరే తెరచాప ఓడ కడుపులో రాళ్ళు నింపేవారు, బరువు లేని ఓడ నీళ్ళ మీద నిలకడగా ఉండదని. అవతలి రేవులో సరుకు దొరికితే ఆ రాళ్ళను ఒడ్డున పారబోసేవారు. అందుకే కొన్ని రేవుల్లో చుట్టుపక్కల ఏ కొండలోనూ లేని రాళ్ళు కనిపిస్తాయి. ఎక్కడివో ఎవరూ అడగరు. వాటి మీద కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. నేను కూడా తిరిగి తిరిగి అలాంటి ఒక రాయి మీద కొన్నాళ్ళు కూర్చున్నాను. బెత్తెడాయన్ని చూసింది అక్కడే.

అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఏ వస్తువునైనా చేత్తో కొలవనిదే ఆయన నమ్మడు. జానెడు, నాలుగు వేళ్ళ బెత్తెడు, వేలెడు, ఇవే ఆయన లెక్కలు. టేపు ఇస్తే తీసుకుని జేబులో వేసుకుని మళ్ళీ చేత్తోనే కొలుస్తాడు. చెప్పులు కొనబోయి వాటి మీద జాన పరిస్తే, షాపువాడు "కాలికేనా, చేతికా?" అని అడిగాడని రేవులో చెప్పుకుంటారు. బక్కపలచటి మనిషి. పెళ్ళి చేసుకోలేదు. వలల గోదాం మీద ఒక్క గది, ఒక స్టవ్వు, మేకులకు తగిలించిన చొక్కాలు, కిటికీలో రెండు టీ గ్లాసులు. రెండో గ్లాసు బావది.

బావ అంటే అక్క మొగుడు. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఇద్దరూ ఒకే చెక్క పడవ మీద వేటకు వెళ్ళారు. బావ భారీ మనిషి. ఆయన అడుగు పెట్టగానే పడవ అమ్మో అంటుందని బెత్తెడాయన ఎగతాళి చేసేవాడు. "నువ్వెక్కితే దానికి తెలియను కూడా తెలియదు, గాలి వీచిందనుకుంటుంది" అనేవాడు బావ. నీళ్ళ మీద పొద్దస్తమానం ఇలా దెప్పుకుంటూనే ఉండేవారు. చుట్టూ ఉన్న పడవల వాళ్ళకు చేప దొరికినా దొరక్కపోయినా ఈ మాటలు మాత్రం దొరికేవి.

పోయిన వేట కాలం చివర్లో చెక్క పడవ అడుగు పుచ్చిపోయి ఇక పనికిరాదనిపించుకుంది. కొద్ది రోజులకే బావ గుండె కూడా అదే మాట అనిపించుకుంది. సముద్రం మీదికి వెళ్ళొద్దన్నాడు డాక్టరు. బావ ఎవరితోనూ వాదించలేదు. ఇంటికొచ్చి, వాకిట్లో సముద్రం వైపు ఉండే తన కుర్చీని వీధి వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత రేవు మొహం చూడలేదు.

బెత్తెడాయన కొత్త పడవ కట్టించడానికి, పడవలు కట్టే మేస్త్రీ షెడ్డుకి వెళ్ళాడు. ఈసారి చెక్కకి బదులు ఫైబర్ పడవ, లోపల మళ్ళీ డీజిల్ ఇంజనే. కానీ అమరిక మాత్రం పాతదాన్లో ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలన్నాడు. ఇసక మీదికి లాగి పెట్టిన పాత పడవ దగ్గరికి వెళ్ళి కొలవడం, చెయ్యి అలాగే చాచి పట్టుకుని, కొలత జారిపోకుండా షెడ్డుదాకా నడిచి రావడం. దారిలో ఎవరైనా పలకరిస్తే తల ఊపేవాడు, వేళ్ళు మాత్రం కదిపేవాడు కాదు. సైకిళ్ళు పక్కకి తప్పుకునేవి.

"డీజిల్ ట్యాంకు ఎడమ పక్క. బ్యాటరీ ఎడమ పక్క. ఐసు పెట్టె ఎడమ పక్క. వల లాగే చక్రం కూడా ఎడమేనా?" అన్నాడు మేస్త్రీ. "కుడి పక్క ఏం పాపం చేసిందయ్యా?"

"పాతదాన్లో అలాగే ఉంది."

"ఎందుకలా ఉంది?"

"పడవన్నాక అలాగే ఉంటుంది."

మేస్త్రీ నాలుగు రకాల మనుషుల్ని చూసినవాడు. కట్టించుకునేవాడి మాట మీద కట్టిచ్చాడు.

ట్యాంకూ ఐసు పెట్టే ఖాళీగా ఉన్న రోజున పడవని నీళ్ళలోకి దింపారు. చక్కగా తేలింది. మర్నాడు బెత్తెడాయన డీజిల్ పోయించి, ఐసు నింపుకుని, ఒక్కడే బయల్దేరాడు. వేట కాలం తెరవడానికి ఇంకా వ్యవధి ఉంది. వల వదిలి చూద్దామనుకున్నాడు.

ఒంటరిగా వేట చేసేవాడికి పడవ ఒక్క మేలు చేయాలి. చుక్కాని వదిలేసి రెండు చేతులా వల జారవిడుస్తున్నంత సేపూ అది తిన్నగా పోవాలి. ఇది పోలేదు. ఆయన చెయ్యి తీయగానే ముక్కు మెల్లగా కుడికి తిరిగింది. తిరిగి తిరిగి, గుండ్రంగా వచ్చి, తను వదిలిన వల మీదికే ఎక్కింది. అడుగున నీళ్ళలో తిరిగే పంకా వలని చుట్టేసుకుని ఇంజను ఆగిపోయింది.

చాకు పట్టుకుని, పడవ వెనక నుంచి నడుము దాకా నీళ్ళలోకి వంగి, ఆ వలని కోసి తీయాలి. పాత పడవలో ఇలాంటప్పుడు బావ వెనక నుంచి కాళ్ళు పట్టుకునేవాడు. "వదిలేయనా? వదిలేస్తున్నా!" అని బెదిరించేవాడు కూడా. ఇప్పుడు కాళ్ళకి తాడు కట్టుకుని, ఆ తాడు ఇంజను దిమ్మకి ముడేసుకుని వంగాడు. కోయడానికి సాయంత్రమైంది. అంతసేపూ ఎవరూ బెదిరించలేదు.

మర్నాడు మేస్త్రీ వచ్చి పడవెక్కాడు. కుడి అంచు మీద బైఠాయించి, "పోనీ" అన్నాడు. పడవ గీత గీసినట్టు పోయింది.

"నేనుంటే బుద్ధిగా ఉంది. నువ్వొక్కడివైతే మారాం చేస్తోందా?"

మేస్త్రీ దిగాక బెత్తెడాయన ఒక్కడే ఒక చుట్టు తిరిగాడు. మళ్ళీ కుడికే లాగింది. చుక్కాని విప్పి బిగించారు. పంకా మార్చారు. ఇరుసు వంగిందేమోనని తీసి దొర్లించి చూశారు. ప్రతిసారీ మేస్త్రీ కుడి అంచు మీద కూర్చుని పరీక్ష చేసేవాడు, ప్రతిసారీ పడవ నెగ్గేది. చివరికి మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"నీ పడవకి మనిషి తోడు కావాలేమోనయ్యా. రేవులో ఇంతమంది ఉన్నారు, ఒకణ్ణి పెట్టుకో."

"ఎక్కడ కూర్చుంటాడు?"

"పడవలోనే."

"అదే, ఎక్కడా అని."

మేస్త్రీ ఆయన మొహంకేసి చూసి మాట మార్చాడు. "చూడు, ఇద్దరన్నదమ్ములు ఇలాంటిదే కావాలని నా వెంట పడుతున్నారు. వేట తెరిచేలోగా నీకు కుదిరితే సరే. లేదంటే ఇది వాళ్ళకిచ్చేస్తాను, నువ్వు ఏ పెద్ద బోటు మీదో పనికెళ్ళు. పదిమందితో కాలక్షేపమైనా అవుతుంది."

పదిమంది అన్న మాట విని బెత్తెడాయన ఆ రాత్రి అన్నం తినలేదు. ఒక మనిషి పక్కన ముప్పై ఏళ్ళు కూర్చున్నవాడికి పదిమంది మధ్య కూర్చోవడం ఒంటరితనాన్ని తగ్గించదు. నేను చాలా ఇళ్ళల్లో అతిథిగా భోంచేశాను. ప్రతి ఇంట్లోనూ ఒక కుర్చీ ఉంటుంది. అందులో కూర్చోబోతే "అక్కడ కాదు, ఇటు రండి" అంటారు. అక్కడ గాలి రాదనో, కాలు ఊగుతుందనో చెబుతారు. ఎవరిదో మాత్రం చెప్పరు.

ఆ మర్నాడు అక్క కబురు పెట్టి పిలిపించింది.

"మొహం అలా వేలాడేసుకుని వచ్చావేంట్రా? లోపలికి రా, కూర చల్లారిపోతోంది."

బెత్తెడాయన గుమ్మం దగ్గరే కంచం ముందు కూర్చున్నాడు. బావ కుర్చీ వీధి వైపే ఉంది. వెనక్కి తిరగకుండానే అడిగాడు. "పడవ కుడికి లాగుతోందా?"

"మేస్త్రీ చెప్పాడా?"

"ఒకళ్ళు చెప్పాలట్రా? ఎడమకి ఒరిగి పోతుంటే ముక్కు కుడికి తిరగక ఎటు తిరుగుతుంది?"

"ఒరిగిందా?"

"బెత్తెడు."

బెత్తెడాయన తింటున్నవాడల్లా ఆగాడు. "నువ్వు సముద్రం వైపు చూడట్లేదుగా బావా?"

"చూడట్లేదు. కనిపించింది."

"అవున్రా, చూడరు" అంది అక్క. "మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పాక, రోజూ మేడెక్కి, నేను ఆరేసిన దుప్పట్ల చాటున ఒక పూటంతా కూర్చుని, చూడకుండా దిగి వస్తారు."

బావ గొంతు సవరించుకున్నాడు. "ట్యాంకు ఎడమ పక్క ఎందుకు పెట్టించావు?"

"పడవన్నాక..."

"నా తలకాయ. మొదట్లో అన్నీ మధ్యలోనే ఉండేవి కదరా. నేను ఒళ్ళు చేస్తున్న కొద్దీ ఒక్కొక్కటీ అటు జరుపుకుంటూ వచ్చాం. ముందు బ్యాటరీ. తర్వాత ట్యాంకు. తర్వాత ఐసు పెట్టె. మీ అక్క వంట..."

"మధ్యలో నా వంటేం చేసింది!"

"నాకు సరితూగాలని పెట్టాంరా అవన్నీ. ఏళ్ళు గడిచేసరికి అది పడవ ధర్మం అనుకున్నావు. నువ్వు కట్టించింది పడవ కాదు, తక్కెడ. ఒక పళ్ళెం ఖాళీగా వదిలేసి తిరుగుతున్నావు."

బెత్తెడాయన కంచంలో అన్నాన్ని వేళ్ళతో ఒక పక్కకి జరిపాడు.

"అన్నీ మధ్యకి జరిపించుకో" అన్నాడు బావ.

"అక్కర్లేదు."

"మరేం చేస్తావు?"

"నా తిప్పలు నేను పడతాను."

ఆయన పడ్డ తిప్పలు ఇవి. ఒడ్డున ఇసక తవ్వి సంచుల్లో నింపాడు. బావ కూర్చునే చోట ఒకదాని మీద ఒకటి పేర్చాడు. బావ వెడల్పు ఎంతో ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. చేతులు రెండూ చాచి చూసుకున్నాడు. మేస్త్రీ జెట్టీ మీద నుంచి, "ఎవరయ్యా ఆయన, మీ బావా?" అని నవ్వాడు.

"ఆఁ. మాట్లాడడు, అంతే తేడా."

రేవులో చుక్కాని వదిలి చూస్తే పడవ తిన్నగా పోయింది. మూడు చుట్లు తిరిగినా తిన్నగానే పోయింది. మేస్త్రీ చప్పట్లు కొట్టాడు. బెత్తెడాయన అదే ఊపులో సముద్రంలోకి తీసుకెళ్ళాడు.

రేవు నీళ్ళు వేరు, బయటి నీళ్ళు వేరు. అక్కడ అల పక్కవాటుగా వస్తుంది. అల వచ్చినప్పుడు బావ ఏం చేసేవాడో ఇన్నేళ్ళూ బెత్తెడాయన గమనించలేదు. చేస్తున్నట్టు బావకి కూడా తెలిసి ఉండదు. ఏదో చెబుతూనే, వల ముడి విప్పుతూనే, అల లేపిన వైపుకి నడుము వాల్చేవాడు. పడవ దిగిన వైపు నుంచి ఒళ్ళు లాక్కునేవాడు. మనిషి బరువు సముద్రంతో పాటు ఆలోచిస్తుంది. ఇసక సంచి ఆలోచించదు. కుడి నుంచి ఒక పెద్ద అల పడవని లేపింది. సంచులు ఒక్కసారిగా జారి ఎడమ పక్కకి వచ్చి పడ్డాయి. పడవ ఎడమకి వాలిపోయింది. అంచు మీద నుంచి నీళ్ళు లోపలికి దూకాయి.

"బావా, ఇటు! ఇటు!" అని అరిచాడు బెత్తెడాయన.

అరిచాక విన్నాడు తన గొంతు. ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

తనే కుడి పక్కకి దూకి, అంచు మీద వేలాడి, పడవని నిలబెట్టాడు. నీళ్ళు తోడాడు. తర్వాత చాకు తీసి సంచులు ఒక్కొక్కటే కోసి ఇసక సముద్రంలో పోశాడు. చేతిలో ఇసక జారుతుంటే ఆయన మొహం ఎలా ఉందో చెప్పడానికి పక్కన ఎవరూ లేరు, కాబట్టి నేనూ చెప్పను. ఇదంతా తర్వాత ఆయన నాకు చెప్పినప్పుడు ఆ ముక్క దగ్గర ఆగి, చేతులు దులుపుకుని, మిగతాది చెప్పాడు.

సంచులు పోయాక పడవ మళ్ళీ ఎడమకి ఒరిగింది. ఇల్లు చేరాలంటే ఒకటే దారి. చుక్కాని పిడికి తాడు కట్టి, తాడు చివర పట్టుకుని, వచ్చి బావ చోట కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆ చోట కూర్చోవడం అదే మొదలు. బావ ముప్పై ఏళ్ళూ ఏం చూస్తూ కూర్చున్నాడో ఇప్పుడు తెలిసింది. అక్కడి నుంచి సముద్రం పెద్దగా కనబడదు. ఎదురుగా చుక్కాని, దాని వెనక తను కూర్చునే చెక్క కనిపిస్తాయి. అది ఖాళీగా ఉంది.

మర్నాడు మేస్త్రీ షెడ్డుకి వెళ్ళి, "మధ్యకి జరుపు" అన్నాడు.

ట్యాంకు మధ్యకొచ్చింది. బ్యాటరీ దాని వెనక చేరింది. ఐసు పెట్టెని కుడి పక్కకి మార్చి, ఎడమ పక్క వల చక్రానికి సరితూగేలా పెడదామన్నాడు మేస్త్రీ. "కొలత చెప్పు" అన్నాడు. బెత్తెడాయన చెయ్యి చాచాడు, కానీ ఈసారి దేన్ని చూసి కొలవాలో తెలియలేదు. పాత పడవలో దీనికి సమాధానం లేదు. చాచిన చెయ్యి అలాగే కాసేపు గాలిలో ఉంచి, "నీ టేపు తియ్యి" అన్నాడు. మేస్త్రీ నవ్వబోయి నవ్వలేదు.

వేట తెరిచిన రోజున ఒక్కడే వెళ్ళాడు. అల పక్కవాటుగా వచ్చినప్పుడు పడవ లేచి, తనంతట తనే సర్దుకుంది. చుక్కాని వదిలాడు. ముక్కు ఎటూ తిరగలేదు. వల రెండు చేతులా జారవిడుస్తుంటే వెనక అది తేలేందుకు కట్టిన బిళ్ళలు ఒకే వరసలో, తాడు పట్టి గీసినట్టు, దూరం దాకా పరుచుకున్నాయి. ఇంత తిన్నటి వల ఆ ఇద్దరూ కలిసి కూడా ఎప్పుడూ వేయలేదు. మాటల్లో పడి వంకర పోయేది. బెత్తెడాయన ఆ వరసనే చూస్తూ ఏదో అనబోయి నోరు తెరిచాడు. మూసుకున్నాడు. ఒడ్డున చాలా దూరంలో, మేడ మీద, ఆరేసిన దుప్పట్ల మధ్య ఏదో లావుపాటిది కదిలినట్టు అనిపించింది. దుప్పటే అయి ఉండొచ్చు.

సాయంత్రం చేపలు దించి అక్క ఇంటికి వెళ్ళాడు. బావ వీధి వైపే తిరిగి కూర్చున్నాడు. దుప్పటి నుంచి ఊడిన క్లిప్పు ఒకటి ఆయన చొక్కాకి తగులుకుని ఉంది. బెత్తెడాయన దాని మాట ఎత్తకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"ఎలా ఉంది?" అన్నాడు బావ.

"బాగుంది. తిన్నగా పోతోంది."

"చెయ్యి వదిలినా?"

"వదిలినా."

"మంచిది." మళ్ళీ అడిగాడు. "నా పక్క ఏం పెట్టావు?"

"ఐసు పెట్టె."

"సరిపోయిందా?"

బెత్తెడాయన చెయ్యెత్తి నాలుగు వేళ్ళూ దగ్గరికి చేర్చి చూపించాడు. "ఇంకా ఇంత ఖాళీ ఉంది."

బావ ఆ చేతికేసి తల తిప్పి చూశాడు.

"ఉండనీరా" అన్నాడు.

వీధిలో ఎవరూ పోవడం లేదు. ఇద్దరూ అటే చూస్తూ కూర్చున్నారు.