మిరప కల్లంలో రాక్ చొక్కాలు

ఉద్యోగ విరమణకు ఇంకా ఐదేళ్లున్నాయనగా, ఒక ఫిబ్రవరిలో, మా రెడీమేడ్ దుస్తుల కంపెనీ నన్ను గుంటూరు శాఖకు సీనియర్ డిజైనర్‌గా పంపింది. అప్పగించిన పని ఒకటే: చీరాల నేత బట్టతో కుర్రకారు వేసుకునే చొక్కాలు తయారు చేయడం. చేనేత అంటే జుబ్బా తప్ప మరొకటి గుర్తురాని మా డిజైన్ హెడ్ బెంగళూరు నుంచి ఫోన్ చేసి, ఈ సీజన్‌లో ఒక్క పెద్ద ఆర్డరైనా రాకపోతే చేనేత విభాగం మూసేస్తామని ముందే చెప్పేశారు. అంత మర్యాదగా బెదిరించే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. మాది అద్దంకి. పేరు సైదాబీ. మా నాన్న పరుపులకు దూది ఏకేవాడు. ఆయన విల్లు తాడు మీద కొట్టినప్పుడు వచ్చే ‘టంయ్’ శబ్దం వింటూ పెరిగాను కాబట్టి, మా అన్న తెచ్చిన విదేశీ రాక్ క్యాసెట్లలో బేస్ గిటార్ వినగానే అది మా ఇంట్లోదే అనిపించింది. పాటల్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అందుకని అట్టల మీది ఫొటోలు చూస్తూ కూర్చునేదాన్ని. ఒక ఫొటోలో డ్రమ్స్ వాయించే అతను రెండు చేతులూ ఎత్తాడు. చొక్కా చంకలో బిగుసుకుపోయి, నడుము దగ్గర పైకి లేచిపోయింది. దర్జీ అతన్ని నిలబెట్టి కొలిచాడే గాని, వాయిస్తుండగా కొలవలేదని నాకు తట్టింది. నా వృత్తి ఆ రోజే మొదలైందని ఇప్పటికీ అనుకుంటాను. తర్వాత ఒంగోలులో ఒక ఫొటో స్టూడియోలో చేరి, పెళ్లిళ్లలో పెళ్లికొడుకు కన్నా బ్యాండు మేళం వాళ్ల చంకలే ఎక్కువ ఫొటోలు తీసి తిట్లు తిన్నాను. డిజైన్ కోర్సు చదివింది ఆ తర్వాతే.

కొత్త చొక్కాలకు బట్ట నేసింది చీరాల సుబ్బారావు గారు. నలుపు మీద పండు మిరప ఎరుపు గడులు. ఆయన గుంట మగ్గంలోంచి తల ఎత్తి ఉన్నమాట చెప్పారు.

“అమ్మా, ఒకప్పుడు ఈ గళ్లు లుంగీలకి నేసేవాళ్లం. ఇప్పుడు మీ కుర్రకారు తొడుక్కుంటామంటే నేస్తాను, నాకేం? కానీ ఆర్డరు రాకపోతే మాత్రం ఈ గుంట పూడ్చేసి ఫ్యాన్సీ షాపు పెట్టేస్తా. మా ఆవిడ గాజుల స్టాండు కూడా చూసొచ్చింది.”

ఆయన అన్నంత పనీ చేసే మనిషి. ఆయన పూడిస్తే ఆ వీధిలో మిగిలిన మగ్గాలూ ఎక్కువ కాలం నిలవవు.

చొక్కాలు తొడిగి చూపించడానికి ‘రేగడి మోత’ అనే నలుగురు కుర్రాళ్ల రాక్ బృందాన్ని ఒప్పించాను. వాళ్లలో డ్రమ్స్ వాయించే కిశోర్ కుదురుగా నిలబడితే జ్వరమొచ్చిందనుకోవాలి. నేత బట్ట సాగదు. అందుకని చంక కింద చదరపు గుడ్డముక్క ఒకటి ఐమూలగా తిప్పి కుట్టించాను. చెయ్యి ఎత్తితే ఆ ముక్క విచ్చుకుంటుంది, చొక్కా కదలదు. పాత జుబ్బాల్లో ఉన్న కిటుకే అది. గళ్ల బట్టలో ఆ ముక్క గడి పక్క గడితో కలవాలి. అక్కడే మా కటింగ్ మాస్టరుకు మూడు రోజులు పట్టింది.

ఫొటోలు మధ్యాహ్నం అద్దంకి దగ్గర మిరప కల్లంలో తీయాలని, సాయంత్రం ఐదింటికి ఒంగోలులో ఒక కాలేజీ మైదానంలో పాటల కార్యక్రమం పెట్టాలని ఏర్పాటు. ఆ కార్యక్రమానికి లలిత గారు వస్తున్నారు. ఆమె ఒక పెద్ద బట్టల దుకాణాల సంస్థలో కొనుగోలు అధికారి, మా భాషలో బయ్యర్. ఆర్డరు ఆమె చేతిలో ఉంది. శాంపిల్ చొక్కాలు మనిషికి ఒక్కటే కాబట్టి, ఫొటోల్లో వేసుకున్నవే స్టేజి మీదా వేసుకోవాలి. ఇలాంటప్పుడు బయట వాడిన శాంపిల్‌ను దులిపి, ఆవిరి పట్టి, లోపలా బయటా తెల్లగుడ్డతో రుద్ది చూశాకే తనిఖీ చీటీ మీద సంతకం పెట్టాలి. ఆ నిబంధన రాయించిందీ నేనే.

కల్లం కంటి నిండా ఎరుపు. ఒక పక్క ఆడవాళ్లు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. ఇంకో పక్క మనుషులు కాయల్ని కాళ్లతో తొక్కి బస్తాలు నింపుతున్నారు. ఫొటోలయ్యాక చొక్కాలు విప్పి ఆ బస్తాల పక్కనే దండెం మీద ఆరేసి, మేమంతా భోజనాలకు కూర్చున్నాం. బెంగళూరు నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్ రోహన్‌కు మాత్రం తుమ్ములు ఆగడం లేదు. ముక్కుకు రుమాలు కట్టుకుని, వచ్చీరాని తెలుగులో అడిగాడు.

“మేడమ్, చొక్కాలు ఉతకాలి కదా? గాలి మొత్తం కారం ఉంది.”

“కారమా? ఎక్కడ?” అన్నాను. నిజంగానే నాకు ఏ వాసనా తెలియలేదు.

“అన్నా, మీకు పౌడరు వాసనెంతో మాకు ఇదంత!” అన్నాడు కిశోర్. తాలుకాయలు ఏరే ఆడవాళ్లు కూడా పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. దారిలో జీపులోనే చొక్కాల్ని నాలుగు దులుపులు దులిపి, తెల్లగుడ్డ ముట్టకుండానే చీటీ మీద సంతకం పెట్టేశాను.

మొదటి పాట బాగానే సాగింది. రెండో పాటకు లైట్ల వేడికి కుర్రాళ్లకు చెమట పట్టింది. మూడో పాటలో గిటార్ అబ్బాయి ఉన్నట్టుండి గెంతాడు. పాడే అబ్బాయి వీపును మైకు స్టాండుకేసి రుద్దుకున్నాడు. కిశోర్ రెండు చేతులూ గాల్లోకి లేపి, దిగిన ప్రతిసారీ డ్రమ్ముల మీద కసి తీర్చుకుంటున్నాడు. జనం ఈలలతో హోరెత్తించారు. నాకు మాత్రం విషయం అర్థమైంది. పాట అవుతూనే నలుగురూ తెర వెనక్కి పరుగెత్తి చొక్కాలు విప్పి పారేశారు. కాలేజీ క్యాంటీన్‌లో ఉన్న పెరుగంతా వాళ్ల వీపులకే సరిపోయింది.

లలిత గారు మెరిసే కళ్లతో నా దగ్గరకు వచ్చారు. “ఆ గెంతడం భలే నేర్పించారండీ! అంత గెంతినా ఒక్క చొక్కా పైకి లేవలేదు. ఆర్డరు కాయితం రేపే పంపిస్తాను. శాంపిళ్లు ఇప్పుడే నాతో పంపేయండి.”

ఏదో ఒక సాకు చెప్పి రేపు పంపిస్తానంటే సరిపోయేది. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. సుబ్బారావు గారి గాజుల స్టాండు కళ్లముందు ఆడింది. కానీ ముప్పై ఏళ్లు చేసిన సంతకం నాది.

“ఇవ్వలేనండీ. వాటి నిండా మిరప్పొడి ఉంది. వాళ్లు గెంతింది పాటకు కాదు, మంటకు.”

ఆమె ముఖంలో నవ్వు పోయింది. “తనిఖీ చీటీ మీద సంతకం ఎవరిది?”

“నాదే.”

ఆమె నేరుగా తెర వెనక్కి వెళ్లారు. పెరుగు పూసుకుని వరసగా కూర్చున్న నలుగురినీ చూశారు. కిశోర్ చొక్కాను రుమాలుతో పట్టుకుని తిరగేసి, చంక కింద కుట్టును రెండు వైపులా గట్టిగా లాగారు. రెండుసార్లు తుమ్మారు.

“ఇంత గింజుకున్నా ఒక్క పోగు కదల్లేదు,” అన్నారు చివరికి. “బట్ట మంచిది, కుట్టు మంచిది. సంతకమే మంచిది కాదు. మూడుసార్లు ఉతికి, నా ఎదురుగా తెల్లగుడ్డతో రుద్ది చూపించండి. అప్పుడు మాట్లాడదాం.”

వారం తర్వాత ఆమె ఆఫీసులో రుద్ది చూపించాను. గుడ్డ తెల్లగానే ఉంది. ఆర్డరు వచ్చింది, అయితే ఆమె ముందు అనుకున్నదాంట్లో సగమే. మిగతా సగం నా నిర్లక్ష్యానికి పోయింది. అది దాచకుండా డిజైన్ హెడ్‌కు రాసి పంపాను. ఆయన మర్యాదగానే చీవాట్లు పెట్టారు. విభాగాన్ని మాత్రం మూయలేదు.

స్టేజి మీద కిశోర్ చేతులెత్తిన క్షణాన్ని రోహన్ తుమ్ముల మధ్యే అద్భుతంగా పట్టాడు. ఆ ఫొటో తీసుకుని చీరాల వెళ్లాను. సుబ్బారావు గారు కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. కుర్రాడి కేక గాని, లైట్లు గాని ఆయనకు పట్టలేదు. చంక దగ్గర వేలు పెట్టి, “ఇక్కడా గడి కలిసిందమ్మా!” అని, మగ్గం గుంటలోకి దిగి కూర్చున్నారు. నాకు ఆ సంతోషం చాలా రోజులుంది.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒక్కటే. అలవాటైన దాన్ని మనిషి చూడలేడు, వాసన పట్టలేడు, తనిఖీ చేయలేడు. అనుభవం ఆ పనికి సాయం కాదు, అడ్డం. అందుకే ఆ తర్వాత రిటైరయ్యే రోజు వరకు మా చొక్కాల ఆఖరి తనిఖీ బయటి ఊళ్ల నుంచి కొత్తగా చేరినవాళ్ల చేతే చేయించాను. వాళ్లు వద్దంటే, నా సంతకం ఉన్నా సరే, ఆ చొక్కా బయటికి వెళ్లలేదు.