అవ్వ మెచ్చిన ఉపవాసం

తెల్లదొర మిమ్మల్ని తన రైలుపెట్టెలోకి ఎక్కనివ్వలేదని మండిపడ్డారు కదా, మరి పక్క వీధి మనిషిని మీరు ఎంతవరకు రానిచ్చారు? అరుగు దాకానా, వంటింటి దాకానా? ఆ రోజుల్లో మా కర్నూలు కుర్రకారుకు ఈ ప్రశ్న అడగడమే పని. (జవాబు వినే ఓపిక మాకు ఉండేది కాదు.) మా యువజన సంఘం ఒక తీర్మానం చేసింది: మాలో కొందరం కడపలో ముస్లిముల ఇళ్లలో వారం రోజులు ఉండాలి, ఆ ఇళ్ల కుర్రవాళ్లు మా ఇళ్లకు రావాలి, ఇంటివాళ్లతో ఒకే పంక్తిలో తినాలి. పంక్తి కలవకపోతే అంతా వేషమేనని బల్ల గుద్ది చెప్పింది నేనే. పంచాంగం చూడటం మూఢత్వమని అంతకుముందే తీర్మానించుకున్నాం కనుక, ఎవరి పంచాంగమూ చూడకుండా తేదీ పెట్టాం. తీరా వెళ్తే అది రంజాన్ నెల నడిమధ్య!

నా బెంగ వేరు. ఏకాదశికి పచ్చి మంచినీళ్లు ముట్టని మా అవ్వ నేను బయల్దేరేటప్పుడే, "వచ్చే పిల్లోడు అరుగు దాటితే నేనీ ఇంట్లో ఉండను, సెప్తాండా" అంది. నా ఇంట్లోనే పంక్తి కలవకపోతే సంఘంలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?

కడపలో నాకు చోటిచ్చిన బట్టల వ్యాపారి ఇల్లాలు మధ్యాహ్నం నా ఒక్కడికే వడ్డించింది. ఇంటిల్లిపాదీ ఉపవాసం. ఒంటరిగా తింటే నా పంక్తి సిద్ధాంతం పోతుంది. తినకపోతే ఉపవాసాలు మూఢత్వమని నేను దంచిన ఉపన్యాసాలన్నీ పోతాయి. "ఇది ఉపవాసం కాదమ్మా, పంక్తి కోసం ఎదురుచూడటం" అన్నాను. ఆమె నవ్వి, "పేరు యాదైతే ఏమప్పా, ఎండేది కడుపే గదా!" అంది. వారమంతా పొద్దు గూకేదాకా కాచుకుని, అందరి చేతులూ పడే పెద్ద పళ్లెంలో నా చెయ్యీ పెట్టాను. అంత రుచి మళ్లీ ఎరగను.

తిరిగి మా వీధిలో అడుగుపెట్టేసరికి సాయంత్రమైంది. అరుగు మీద ఎవరూ లేరు. నేనటు వెళ్లినప్పుడే మా ఇంటికి వచ్చిన వ్యాపారి కొడుకును అవ్వ తరిమేసిందనుకున్నాను. లోపలికి వెళ్తే, వంటింటి గడప పక్కన అవ్వ పీట మీద అతగాడు! అవ్వ పానకం చెంబు పట్టుకుని కిటికీలోంచి ఆకాశం చూస్తోంది.

"ఆగు నాయనా, ఇంకా రవంత పొద్దుండాది!"

నన్ను చూడగానే విరుచుకుపడింది. "సూడరా వీన్ని! ఇంత ఎండకు గుక్కెడు నీళ్లు ముట్టల్యా. దేవుని పేరు మీద ఇట్లా ఎండేవాన్ని అరుగు మీద కూసోబెట్టే పాపం నాకెందుకు? నువ్వూ ఉండావు, ఏకాదశంటే ఎకసెక్కాలు!"

అతడు నవ్వాపుకుంటూ, "మా ఇంట్లో మద్యాన్నం కూడు బాగుండెనా అన్నా?" అన్నాడు. అబద్ధమాడటం కూడా నా సిద్ధాంతానికి విరుద్ధమే.

"తినలేదు" అన్నాను.

అవ్వ చెంబు దించింది. "అంటే నువ్వూ ఉపాసమేనా?"

"కాదవ్వా, పంక్తి కోసం..."

"సాల్లేరా, శానా సెప్పినావు. కూసో. మూడాకులు ఏస్తా."

మూడో ఆకు ఆమెదే. నా తర్కం ఏళ్ల తరబడి కదిలించలేని గడపను ఆ కుర్రవాడి ఎండిన నోరు దాటేసింది. ఆ పంక్తిలో కూర్చున్నవాణ్ణని ఇప్పటికీ ఛాతీ విరుచుకుంటాను. అవ్వ మాత్రం పోయేదాకా నన్ను ఊరందరికీ భక్తుడనే చెప్పుకుంది. (నేను కాదంటూనే ఉన్నాను. ఇప్పుడు కాదనడానికి ఎదురుగా ఆమె లేదు.)

మీరూ మీ పిల్లవాణ్ణి పక్క వీధి ఇంటికి పంపండి. వాళ్ల పిల్లవాణ్ణి మీ వంటింటి దాకా పిలిచి, పక్కన మీరూ ఆకేసుకుని కూర్చోండి. రేపే. పంచాంగం చూడకండి.